పదో తరగతి మెమో, పరదేశ ప్రయాణం

మన హాస్టల్లో చదివి బయటి దేశంలో ఉద్యోగం తెచ్చుకున్న వాళ్ళున్నారు. ఆ కబురు తెలిసిన రోజు అందరం స్వీట్లు పంచుకుంటాం. ఆ తర్వాత ఆ మనిషి, పెళ్ళయి ఉంటే ఆ జంట, ఏ కాగితాలు పట్టుకుని ఏ ఆఫీసుల చుట్టూ తిరుగుతారో మాత్రం మనకెవరూ చెప్పరు. ఈ ఏడాది ఒక అన్న కోసం మేం నలుగురం ఆ తిరుగుడంతా తిరిగాం. అందులో తెలుసుకున్నది తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ పనికొస్తుందని రాస్తున్నాం.

అన్న మనకంటే సీనియర్, ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. వదిన ఇంట్లో మిషను కుడుతుంది. కంచన్‌బాగ్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నారు. అన్నకు దుబాయిలో నీటి పరీక్షల ల్యాబులో మూడేళ్ళ కాంట్రాక్టు వచ్చింది.

కంచన్‌బాగ్ చూడని వాళ్ళకు ఒక మాట. ఒక పక్క పెద్ద గోడల వెనక డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్, 1970లో పెట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పెట్టిన మిధాని. ఇంకో పక్క చాంద్రాయణగుట్ట, బార్కస్. బ్యారక్స్ అన్న మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం సైన్యంలో చేరిన అరబ్బులు అక్కడ ఉండేవారు. వాళ్ళ మనుమలు, మునిమనుమల్లో ఎందరో మళ్ళీ గల్ఫ్‌కే పనికి పోయారు. సర్కారు పని మీద విదేశం వెళ్ళే ఉద్యోగికి తెల్ల అట్ట పాస్‌పోర్టు ఇస్తారు. మిగతా మనందరిదీ నీలం అట్ట. ఆ నీలం అట్టలోనూ రెండు రకాలున్నాయని మాకు వదిన పాస్‌పోర్టు తెరిచాకే తెలిసింది.

అందులో ‘ఈసీఆర్’ అని మూడక్షరాలున్నాయి. అంటే ఉద్యోగానికి దేశం దాటాలంటే ముందు సర్కారు తనిఖీ కావాలని అర్థం. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద వచ్చిన పద్ధతి ఇది. పదో తరగతి పాసైతే ఈ ముద్ర ఉండదు. పాసు కాకపోతే, ఇంకే మినహాయింపూ లేకపోతే పడుతుంది. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, 50 ఏళ్ళు దాటినవాళ్ళకు, మూడేళ్ళకు మించి విదేశంలో ఉండి వచ్చినవాళ్ళకు మినహాయింపు ఉంది. తనిఖీ వర్తించేది 18 దేశాలకు. దుబాయి ఉన్న యూఏఈ, సౌదీ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్ ఆరూ అందులోవే.

నిజం చెప్పాలంటే ఈ తనిఖీ చెడ్డదేం కాదు. కాంట్రాక్టులో జీతమెంత, యజమాని ఎవరు అని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ చూస్తారు. ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు కడితే 10 లక్షల బీమా. చదువురాని మనిషిని ఏజెంటు ముంచకుండా పెట్టిన కంచె అది. కానీ 2018 జనవరిలో ఈసీఆర్ వాళ్ళకు నారింజ రంగు అట్ట పెడతామన్నారు. కౌంటరు దగ్గర నిలబడగానే వీడు పది తప్పినవాడని అందరికీ తెలియాలన్నమాట! గట్టిగా వ్యతిరేకత రావడంతో ఆ నెలలోనే వెనక్కి తీసుకున్నారు. ఎస్సీ హాస్టలు పిల్లలని వేరే వరస చూసినవాళ్ళం, ఆ రంగు సంగతి మాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మరి వదిన సంగతి? భర్త తీసిన కుటుంబ వీసా మీద పోయేవాళ్ళకు ఈ క్లియరెన్సు అక్కర్లేదు. ఒక ఏజెంటు అదే చెప్పి “మీకెందుకమ్మా ఈ గొడవ” అన్నాడు. ఆ మాట నిజమే, సగం వరకు. కుటుంబ వీసా భర్త ఉద్యోగానికి ముడిపడి ఉంటుంది. అతని ఉద్యోగం పోతే ఆమె వీసా కూడా పోతుంది. రేపు ఆమె తన కుట్టుపని మీద సొంతంగా ఉద్యోగ వీసాతో పోవాలంటే అప్పుడు ఈసీఆర్ అడ్డం వస్తుంది. ఈసీఆర్ ఉన్న ఆడవాళ్ళకు ఆ దేశాల్లో ఉద్యోగానికి 30 ఏళ్ళు నిండి ఉండాలి. 2016 నుంచి సర్కారు ఏజెన్సీల ద్వారానే పోవాలి, మన దగ్గర టామ్‌కామ్ అలాంటిది. వదినకు 22. అంటే ఎనిమిదేళ్ళు ఆగాలి.

“నాతోటే రారాదు, అన్నీ అక్కడ చూసుకుందాం” అన్నాడు అన్న. వదిన లెక్క వేరు. “నువ్వు ముందు పో. ఎట్లాగూ నీ కార్డు రావాలె, ఇల్లు దొరకాలె. అప్పటిదాకా నేను ఖాళీగనే ఉంటా గదా, పది రాసేస్త” అంది. ఆమె లెక్కే సరైనది. యూఏఈలో భర్తకు ముందు నివాస వీసా రావాలి. జీతం 4,000 దిర్హాములు, లేదా 3,000తో పాటు కంపెనీ ఇచ్చే ఇల్లు ఉంటేనే భార్యను పిలిపించుకోగలడు. ఆ ఎదురుచూపు కాలం ఓపెన్ స్కూల్ పదో తరగతికి సరిపోతుంది. ఐదు సబ్జెక్టులు, ఏడాదికి రెండుసార్లు పరీక్షలు. పాసైతే ఆ మెమో చూపించి ఈసీఆర్ తీసేయమని పాస్‌పోర్టు రీ-ఇష్యూకు పెట్టుకోవచ్చు.

పేర్ల దగ్గర మేం చాలా రోజులు పోగొట్టుకున్నాం. మన మెమోల్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టుకు పూర్తిగా విప్పి రాయాలి. 2022 నవంబరు నుంచి యూఏఈ విజిట్ వీసాకు ఒంటి పేరున్న పాస్‌పోర్టు చెల్లదన్నారు కూడా. మెమోలో, ఆధార్‌లో, పెళ్ళి సర్టిఫికెట్‌లో స్పెల్లింగు ఒక్కటిగా ఉందా లేదా చూసుకోండి. బడిలో చేర్చినప్పుడు సారు తోచిన పుట్టిన తేదీ వేసిన పిల్లలు మనలో ఎందరో. ఇప్పుడు చదువుతున్నవాళ్ళు పదో తరగతి నామినల్ రోల్స్ పోకముందే సరిచేయించుకోవాలి, తర్వాత చాలా కష్టం.

డిగ్రీ, పెళ్ళి సర్టిఫికెట్లకు ధ్రువీకరణ ఉంటుంది. రాష్ట్ర సర్కారు, ఆపైన విదేశాంగ శాఖ ముద్ర వేస్తాయి. ఒమన్, బహ్రెయిన్, 2022 డిసెంబరు నుంచి సౌదీ ‘అపోస్టిల్’ అనే ఒక్క ముద్రతో ఒప్పుకుంటాయి. యూఏఈకి అది చాలదు, వాళ్ళ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. కాబట్టి పెళ్ళి రిజిస్ట్రేషను రేపు మాపు అనకుండా చేయించుకోవాలి. గుడిలో దిగిన ఫోటో పనికిరాదు.

డబ్బు సంగతి క్లుప్తంగా. రిజిస్టరైన ఏజెంటు సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. ఏజెంటు పేరు ఈమైగ్రేట్ వెబ్‌సైటులో ఉందో లేదో చూసుకోవాలి. వెళ్ళాక ఇక్కడి సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓగా మార్పించుకోవాలి. భార్యకు తన పేరు మీద వేరే ఖాతా ఉండాలని మా నలుగురి అభిప్రాయం, అన్న కూడా కాదనలేదు.

అన్న జూన్‌లో విమానం ఎక్కాడు. వదిన కంచన్‌బాగ్ గది ఖాళీ చేయలేదు. పొద్దున జాకెట్లు కుడుతుంది, సాయంత్రం మాలో ఒకరు పోయి సైన్సు చెబుతున్నాం. ఆమె అక్టోబరు పరీక్షకు ఫీజు కట్టింది.