క్యాంపస్ భద్రతా కమిటీలో సఫాయమ్మకు చోటుందా?

పోచారం ప్రాజెక్టు చుట్టుపక్కల ఊళ్ల నుంచి మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది జ్వరాలు, షుగరు, బీపీ పేషెంట్లే. ఒకరోజు మధ్యాహ్నం మాత్రం నలభై అయిదేళ్ల మహిళను ఆటోలో తెచ్చారు. ఆగని దగ్గు, కళ్ల వెంట నీళ్లు, రెండు మాటలు మాట్లాడితే ఆయాసం. ఆమె ఓ కాలేజీ హాస్టల్‌లో బాత్రూములు కడుగుతుంది. మరకలు పోవడం లేదని, బ్లీచింగ్ పౌడర్ చల్లిన నేల మీదే యాసిడ్ పోసింది. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. అది గాలి కంటే బరువు కాబట్టి కింద నేల దగ్గరే నిలుస్తుంది. కూర్చుని రుద్దేవాళ్ల ముక్కుకే ముందు తగులుతుంది.

ఆక్సిజన్ పెట్టి, నెబ్యులైజర్‌తో మందు ఇచ్చాం. క్లోరిన్ పీల్చినవాళ్లకు కొన్ని గంటల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు. అందుకే రాత్రంతా వార్డులోనే ఉంచాం. పొద్దున కాస్త తేరుకున్నాక, ‘ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లయిందా అమ్మా?’ అని అడిగాను.

‘రెండుసార్లు అయింది సార్. గొంతు మండింది. బయటికొచ్చి నీళ్లు తాగిన. ఎవరికి చెప్పాలె?’

వెంట వచ్చిన సూపర్‌వైజర్‌ను అడిగితే, కాలేజీలో భద్రతా కమిటీ ఉందన్నాడు. అందులో ప్రిన్సిపాల్, కొందరు లెక్చరర్లు, ఆఫీసు సూపరింటెండెంటు ఉన్నారట. మరి కడిగేవాళ్లు? ‘వాళ్లు అవుట్‌సోర్సింగ్ కదా సార్’ అన్నాడు, అదేదో వేరే దేశమైనట్టు.

ఫ్యాక్టరీల విషయంలో మన చట్టం ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబు చెప్పింది. 1984 డిసెంబరులో భోపాల్ దుర్ఘటన జరిగాక, 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించారు. ప్రమాదకర ప్రక్రియలు జరిగే ఫ్యాక్టరీల్లో భద్రతా కమిటీ ఉండాలి, అందులో కార్మికుల ప్రతినిధులూ యాజమాన్య ప్రతినిధులూ సమాన సంఖ్యలో ఉండాలి అన్నారు. యూనివర్సిటీని మాత్రం మనం పనిచేసే చోటుగా చూడం, చదువుకునే చోటుగానే చూస్తాం. నిజానికి డిచ్‌పల్లిలోని తెలంగాణ యూనివర్సిటీనో, భిక్కనూరులోని దాని సౌత్ క్యాంపస్‌నో తీసుకోండి. అంత పెద్ద చోట పాఠాలు ఒక్కటే సాగవు. ల్యాబుల్లో ఆమ్లాలుంటాయి, హాస్టల్ వంటగదిలో గ్యాసు, మరిగే నూనె ఉంటాయి. కరెంటు పని, నీళ్ల ట్యాంకులు, చెత్త సరేసరి. ఒక చిన్న ఊరే అది.

ప్రమాదం పెద్ద పేరున్న చోట్లను కూడా వదలదు. 2018 డిసెంబర్ 5న బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఒక ల్యాబులో పేలుడు జరిగి ఒక పరిశోధకుడు చనిపోయాడు, ముగ్గురు గాయపడ్డారు. నన్ను ఎక్కువ బాధించేది మాత్రం అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ లాస్ ఏంజెలెస్ క్యాంపస్‌లో జరిగింది. 2008 డిసెంబర్ 29న, గాలి తగిలితేనే అంటుకునే రసాయనాన్ని సిరంజితో తీస్తుండగా 23 ఏళ్ల రీసెర్చ్ అసిస్టెంట్ దుస్తులకు మంటలంటుకున్నాయి. ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు. పద్దెనిమిది రోజులకు మరణించింది. ఆ ల్యాబులో కోట్లు వేసుకోవడం లేదని అంతకు రెండు నెలల ముందే తనిఖీలో రాశారు. రాసింది రాసినట్టే ఉండిపోయింది.

కమిటీ అసలు పరీక్ష అక్కడే. ఎన్ని మీటింగులు పెట్టారన్నది కాదు, పోయినసారి రాసుకున్నది ఈసారికి అయిందా లేదా అన్నది చూడాలి. మీటింగు మొదలు కాగానే ముందుగా ఆ పాత జాబితానే చదవాలి. డబ్బు మంజూరు చేసే అధికారి అదే గదిలో ఉండాలి, లేకపోతే ‘పైకి రాశాం’ అనే మాటతో ఏడాది గడిచిపోతుంది. ల్యాబ్ టెక్నీషియన్, ఎలక్ట్రీషియన్, వంటమనిషి, సఫాయి కార్మికురాలు, ఒక విద్యార్థి... వీళ్లకు చోటుండాలి, మాట్లాడినందుకు పని పోదన్న భరోసా ఉండాలి. ఏసీ గదిలో కూర్చునే ముందు అందరూ కలిసి ఒక బిల్డింగు తిరిగి వస్తే ఇంకా మంచిది. సగం సంగతులు కంటికే కనిపిస్తాయి.

డాక్టర్‌గా నేను మరొకటి అడుగుతాను. క్యాంపస్ డిస్పెన్సరీ రిజిస్టర్ తెప్పించుకోండి. పేర్లు అక్కర్లేదు. ఏ బిల్డింగు నుంచి ఎన్ని కాలిన గాయాలు, ఎన్ని కోతలు, ఎన్ని ఆయాసాలు వచ్చాయో చాలు. ఒకే వంటగది నుంచి నెలలో మూడు చేతులు కాలి వస్తే, చెప్పాల్సింది ఆ రిజిస్టరే చెప్పేసింది. మా పేషెంటుకు రెండుసార్లు గొంతు మండినప్పుడు ఎక్కడైనా రాసి ఉంటే, మూడోసారి ఆటో ఎక్కేది కాదు.

పర్యావరణం అనగానే మొక్కలు నాటే ఫొటో గుర్తొస్తుంది. 2025 ఆగస్టు చివరి వానలు చూసినవాళ్లం మనం. నిజాం కాలంలో కట్టిన పోచారం ప్రాజెక్టు మీదుగా ఆ వరద దూకుతుంటే కింది ఊళ్లకు నిద్ర లేదు. రామాయంపేటలో హాస్టల్‌ను నీళ్లు చుట్టుముడితే విద్యార్థినులను సహాయ బృందాలు బయటికి తేవాల్సి వచ్చింది. వాన నీళ్లు ఏ గేటు నుంచి లోపలికి వస్తాయి, జనరేటర్ ఎంత ఎత్తులో ఉంది, రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చేయాలి? కమిటీ మాట్లాడాల్సిన పర్యావరణం ఇది.

పిల్లల్ని హాస్టల్లో చేర్చేటప్పుడు మనం ఫీజు, ర్యాంకులు, మెస్ మెనూ అడుగుతాం. భద్రతా కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుందో, మెస్‌లో వండేవాళ్లకు వైద్య పరీక్షలు చేయిస్తున్నారో లేదో కూడా అడగండి. ఎదుటివాళ్లు కాస్త తడబడినా ఫర్వాలేదు.

ఇంట్లోనూ బ్లీచింగ్‌నూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపొద్దు. ఒకటి వాడాక నీళ్లతో బాగా కడిగి, మరోరోజు రెండోది వాడండి. పొరపాటున ఘాటు వస్తే శుభ్రం చేయడం ఆపి వెంటనే బయటి గాలిలోకి వెళ్లండి. కళ్లు మండితే కనీసం పదిహేను నిమిషాలు ధారగా నీళ్లు పోసి కడగండి. మీద చిందిన బట్టలు తీసేయండి. దగ్గు, ఆయాసం, ఛాతీలో పట్టేసినట్టు ఉంటే, కాస్త తగ్గినా సరే, ఆసుపత్రికి రండి. ఆస్తమా ఉన్నవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు.

ఆమె పది రోజుల తర్వాత చూపించుకోవడానికి వచ్చింది. దగ్గు తగ్గింది. ఇప్పుడు యాసిడ్ సీసా వేరే గదిలో తాళం వేసి పెడుతున్నారట. ‘మీటింగుకు నన్ను గూడ పిలిచిన్రు సార్’ అంది. ఏం చెప్పావమ్మా అంటే, ‘బాత్రూముల కిటికీలు మేకులు కొట్టి మూసిన్రు, అవి తెరువుమని చెప్పిన’ అంది.