సాలీళ్ల సంసారము

శ్రీకాళహస్తి పేరులోని "శ్రీ" సాలెపురుగేనని మన ఇండ్లలో చిన్నపిల్లలకు సైతము తెలుసు. శివునికి గూడు అల్లిన ఆ పురుగును తలచి చేతులు జోడిస్తాము. అదే మన పెరటిలో కనబడితే మాత్రము చీపురు అందుకుంటాము.

పీణ్య అనగానే యంత్రాల మోత, తుమకూరు రోడ్డు లారీలు జ్ఞాపకము వస్తాయి. కాని ఉద్యోగరీత్యా ఇక్కడ మసలే మేము వానకాలములో చూస్తూనే ఉంటాము: ఫ్యాక్టరీల కంచెల వెంబడి, పొదల నడుమ చక్రాల వంటి సాలెగూళ్లు వెలుస్తాయి. కొన్నింటి నడుమ తెల్లని దారముతో గుణకారపు గుర్తు వేసినట్లుంటుంది. దానిపై పసుపు చారల సాలీడు ఎనిమిది కాళ్లను రెండేసిగా జతచేసి తలక్రిందులుగా కూర్చుంటుంది. దీనికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఆర్జియోప్ అనసూజ. మనుష్యులకు దీనివల్ల ప్రమాదము లేదు.

దీని నేతపని చూడదగినది. కడుపులో ద్రవముగా ఉన్న ప్రోటీను బయటికి లాగేసరికి గట్టిపడి పట్టుదారమవుతుంది. మొదట బండిచక్రపు ఆకుల వలె పోగులు పోస్తుంది, వాటికి జిగురుండదు. పిమ్మట చుట్లు చుట్లుగా తిప్పే పోగుకే జిగురు. పురుగు వచ్చి తగిలిందంటే ఆ అదురు కాళ్లకు తెలిసిపోతుంది. చూపు మందమైనా వేటకు లోటు లేదు.

ఇది ఒంటరి కాపురము. సాలీళ్లలో ఉమ్మడి కాపురమూ ఉన్నది. స్టెగోడైఫస్ సారసినోరమ్ అనే జాతి పదుల కొద్దీ, ఒక్కొక్కప్పుడు వందల కొద్దీ ఒకే గూటిలో, ముళ్లపొదలలో బ్రతుకుతుంది. మదరాసుకు చెందిన ఎన్. ఎస్. జంబునాథన్‌గారు దీని జీవితచరిత్రను 1905లోనే ప్రచురించారు. మన బెంగుళూరు నుండి జోలార్‌పేట పోయే రైలుమార్గములోని కుప్పం దగ్గర వీటిని విదేశీ శాస్త్రజ్ఞులు పరిశీలించి, 2013లో తమ ఫలితాలను వెల్లడించారు. పెద్ద మిడత వలలో పడితే ఇవి కలిసి పట్టి, కలిసి తింటాయి. అయితే అన్నింటి తెగువా ఒక్కటి కాదు. ముందుకు దూకేవి కొన్ని, వెనుక నిలిచేవి కొన్ని. మన ఉమ్మడి కుటుంబాలలో వలెనే.

తల్లి తాను తిన్నదానిని ద్రవముగా కక్కి పిల్లల నోటికి అందిస్తుంది. చివరకు తన దేహమునే వాటికి ఆహారముగా ఇస్తుంది. పిల్లలు పెరిగి పెద్దవైనా చాలావరకు పుట్టిన గూటినే అంటిపెట్టుకుని ఉంటాయి. కనుక ఒక్క పొద నరికితే ఒక వంశమే పోవచ్చును.

ఇంటిలోని బూజు దులుపుకోవలసినదే, కాదనము. కాని దోమలను, ఈగలను పట్టే ఈ నేతగత్తెలను కంచె మీద, పెరటి చెట్టు మీద ఉండనిద్దాము. పొదకు కత్తి పెట్టే ముందు ఒక్కసారి లోపలికి తొంగిచూడండి, పిల్లలకూ చూపించండి.