సరకు లేని సంత

బాపట్ల జిల్లాలో చినగంజాము చెంత, సముద్రపుటొడ్డున మోటుపల్లి యను గ్రామము కలదు. ఒకప్పుడు కర్పూరము, ఏనుగుదంతము, ముత్యములు, పగడములు దిగిన రేవు అది. విదేశపు ఓడలు నేడు అచటికి రావు. కాకతి గణపతిదేవుడు క్రీ. శ. 1244-45లో వేయించిన అభయశాసనము మాత్రము వీరభద్రాలయమున రాతిపై నిలిచియున్నది. పూర్వపు రాజులు తుపానుకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరకును బలిమిని లాగికొనెడివారు. తాను అట్లు చేయనని, నిర్ణయించిన సుంకము తప్ప వేరేమియు గైకొననని గణపతిదేవుడు పరదేశి వర్తకులకు మాట యిచ్చెను. పాఠశాలలలో దీనిని రాజు దయాగుణమునకు తార్కాణముగా చెప్పుట పరిపాటి. దయ ఉండవచ్చును, కాని నాకు అందు వ్యాపారవివేకము హెచ్చుగా కనిపించును. ఎరుగనివాడు నిర్భయముగా వచ్చి, కూర్చుండి, మాటాడి పోగలిగిననే కదా బేరము!

ఇంచుమించు ఆ కాలముననే, ఎక్కడో దూరమున, మరియొక ప్రభువు అట్టి మాటనే యిచ్చెను. జర్మనీ దేశమున లైప్‌జిగు అను నగరము కలదు. రెండు రాజమార్గములు కలిసిన కూడలి అది. 1165 ప్రాంతమున ఆ యూరికి సంత హక్కు లభించెను. 1268లో ఆ ప్రాంతపు ప్రభువు, తనకు ఆ వర్తకుల ఏలికలతో యుద్ధము జరుగుచున్నను, లైప్‌జిగు సంతకు వచ్చువారి సరకును ముట్టనని ప్రకటించెను. తరువాత మాక్సిమిలియన్ చక్రవర్తి 1497లోను, 1507లోను ఆ సంతకు ప్రత్యేకాధికారములు దయచేసెను. ఉన్ని, తోళ్ళు, పుస్తకములు బండ్ల కెక్కి వచ్చి, చేతులు మారి, మరల బండ్ల కెక్కి పోవుచుండెను. ఇట్లు శతాబ్దములు గడచెను.

పందొమ్మిదవ శతాబ్దమున ఆ సంతకు గండము వచ్చినది. 1839లో లైప్‌జిగునుండి డ్రెస్డెను నగరమునకు రైలుమార్గము పడినది. మరమగ్గములు, మరయంత్రములు పెరిగినవి. కుండకును కుండకును తేడా యున్నంతకాలము కొనువాడు ప్రతి కుండను తట్టి చూడవలెను; కావున కుండలన్నియు సంతకు రావలెను. యంత్రము చేసిన వేయి పింగాణీ గిన్నెలలో ఒకదానిని చూచిన వేయింటిని చూచినట్లే. ఒక మచ్చు చాలును. తక్కిన సరకు కర్మాగారమునుండి రైలులో తిన్నగా కొనువాని అంగడికి పోవును. ఇక సంత యేల, బండ్లేల? మచ్చులపెట్టె చంకనిడుకొని తిరుగు ఏజెంటు ఒక్కడు చాలడా? ఈ ప్రశ్న న్యాయమైనదే.

లైప్‌జిగు వర్తకులు దీనికి చెప్పిన జవాబు విచిత్రము. సరకును మానివేసిరి, సంతను మానలేదు. 1895నుండి అది మచ్చుల సంతగా మారినది. నగరము నడుమ అనేక అంతస్తుల సంతమేడలు లేచినవి. ఆ మేడలు కట్టినవారు మనుష్యస్వభావమును బాగుగ నెరిగినవారని చెప్పవలెను. లోనికి వచ్చినవాడు తాను కోరిన అంగడికి మాత్రము పోయి తిరిగి వచ్చుటకు వీలులేకుండ, ఒకే దారి ప్రతి అంగడి ముందునుండియు పోవునట్లు వారు నడవలను కూర్చిరి. బొమ్మలు కొనవచ్చినవాడు గాజుసామానుల వానిని చూడక తప్పదు. చూచినపుడు ఒక పలకరింపు. మరునాడు మరల అదే దారి, అదే మొగము, రెండవ పలకరింపు. వెల చెప్పుటకు ఉత్తరము చాలును, కాని ఈ రెండవ పలకరింపునకు ఉత్తరము చాలదు. జర్మనీ రెండుగా చీలియున్న దినములలో సయితము తూర్పుపడమరల వర్తకులు ఏటేట కలసికొనిన తావు లైప్‌జిగే.

ఇట్లు మనుష్యులు కూడుటయే ఒక సరకైనది. అమెరికాలో డిట్రాయిటు నగరమున 1896లో ఒక పాత్రికేయుడు, సభలకు వచ్చువారివలన ఊరికి ఎంత లాభమో ఎత్తిచూపి వ్రాసెను. కొలది దినములకే అచటి వర్తకులు మహాసభలను తమ యూరికి రప్పించుటకై ఒక సంఘము పెట్టిరి. హోటళ్ళు, మండపములు, దుబాసీలు, వంటవారు, దీపములవారు అందరును చేరి నేడు ‘సమావేశ పరిశ్రమ’ అనబడు పెద్ద వృత్తికి ఆనాడు వేసినది విత్తనము. ఇందు డబ్బు లెక్క ఎంతయైనను కలదు. దానిని లెక్కలవారికి వదలుదము.

ఈ పరిశ్రమకు రెండవ గండము 2020లో వచ్చినది. బార్సిలోనా నగరమున ఏటేట జరుగు చేతిఫోనుల మహాప్రదర్శన, అంతకుముందటి యేడు లక్షకు మించిన జనమును చూచినది, కరోనా భయమున ఫిబ్రవరిలో రద్దయ్యెను. మన హైదరాబాదు నుమాయిషు సయితము 2021లో జరుగలేదు. సభలన్నియు తెరల మీదికి ఎక్కినవి. ఇక ఈ ప్రయాణములు, ఈ మండపములు అనవసరమని పలువురు తలచిరి. వారి తలపు పూర్తిగా తప్పు కాదు. ఉన్న పనిని చక్కబెట్టుటకు తెర చాలునని తేలినది. చిన్న సభలు పెక్కు అచటనే నిలిచిపోయినవి. కాని బార్సిలోనా ప్రదర్శనకు 2024లో మరల లక్ష దాటి జనము వచ్చిరి. 2022లో ‘నేచర్’ పత్రికలో వెలువడిన ఒక పరిశోధన దీని మర్మమును కొంత విప్పినది. ఐదు దేశములలో ఇంజనీర్లను జంటలుగా కూర్చి, కొందరిని ఒకే గదిలోను, కొందరిని తెరలకు ఇరువైపులను కూర్చుండబెట్టి క్రొత్త ఊహలు చెప్పుమనిరి. తెరవారికి ఊహలు తక్కువగా తట్టినవి. తట్టినవానిలో మంచిదానిని ఏరుటయందు మాత్రము వారు తీసిపోలేదు. తెరను చూచువాని చూపు తెరలోనే బందీ యగును. గదిలోనివాని చూపు కిటికీకి, గోడకు, గాలికి పోవును. ఊహ ఆ దారినే వచ్చునట!

కలసినంతమాత్రమున పరిచయము కలుగునా? ‘నెట్‌వర్కింగు’ అని నేడు గొప్పగా చెప్పబడు విద్య యిదియే. మనవారు ఏనాడో ‘నోరు మంచిదైతే ఊరు మంచిది’ అనిరి. మార్క్ గ్రానొవెటర్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు 1973లో ఒక వ్యాసము ప్రకటించెను. ఎరిగినవారి మాటసాయముతో ఉద్యోగము పొందినవారిని అతడు విచారించినపుడు, ఆ సాయము చేసినవానిని తరచుగ చూచెడివారు నూటికి 17 మంది కూడ లేరు. అప్పుడప్పుడు చూచెడివారు సుమారు 56. అరుదుగ చూచెడివారు సుమారు 28. ఆప్తమిత్రునకు తెలిసినది మనకును తెలిసియే యుండును. క్రొత్త వార్త దూరపు పరిచయస్థునివద్దనుండి వచ్చును.

ఇంత తెలిసియు మనము చేయునదేమి? కొలంబియా విశ్వవిద్యాలయమువారు వ్యాపారోద్యోగులకు ఒక సాయంకాలపు విందు చేసి, ప్రతివాని యెదకు చిన్న విద్యుత్పరికరము తగిలించి, ఎవరు ఎవరితో ఎంతసేపు మాటాడిరో కొలిచిరి. క్రొత్తవారిని కలియుటయే తమ కోరికయని ముందుగా చెప్పినవారు, తీరా విందులో సగముకాలమును పాత స్నేహితులతోనే గడపిరి. 2007లో ఆ ఫలితము అచ్చయినది. అందరికంటె హెచ్చుమందితో కలిసినవాడు పానీయములందించు పరిచారకుడట. పెండ్లిపందిరిలో మన బంధువుల గుంపులను చూచినవారికి ఇందు ఆశ్చర్యము లేదు.

ఇపుడు నిర్వాహకులు చేతిఫోనులోని యాప్‌ ద్వారా, ఎవరికి ఎవరు కావలయునో ముందే జతపరచి, పావుగంటకొక భేటీ నియమించుచున్నారు. కాలము కలిసివచ్చును, నిజమే. కాని లైప్‌జిగు నడవలో బొమ్మలవానికి గాజువాడు తటస్థపడిన అదృష్టము ఇందు లేదు. పైగా యాప్ అడుగు మొదటి ప్రశ్న ‘నీవు ఏ సంస్థవాడవు?’ అని. ఏ సంస్థయు లేనివానికి జత ఎవరు?

హైదరాబాదు చరిత్రలో ఈ ప్రశ్నకు ఒక చక్కని జవాబు కలదు. నుమాయిషును 1938లో మొదలుపెట్టినవారు వర్తకులు కారు. రాష్ట్రపు ఆర్థిక స్థితిగతులను సర్వే చేయుటకు ధనము కూర్పగోరిన ఉస్మానియా పట్టభద్రులు. పబ్లికు గార్డెన్సులో పుట్టి నాంపల్లికి మారిన ఆ ప్రదర్శన రాబడిమీదనే సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయమువంటి విద్యాసంస్థలు పెరిగినవి. 2006లో తెరచిన నగరపు క్రొత్త సమావేశ మందిరమున 2010 ఆగస్టులో ప్రపంచ గణితశాస్త్రజ్ఞుల మహాసభ జరిగినపుడు, విశ్వనాథన్ ఆనంద్ ఒకేమారు నలువదిమందితో చదరంగమాడెను. ముప్పదితొమ్మిదిమంది ఓడిరి. ఆట సరిచేసినవాడు పదునాలుగేండ్ల బాలుడు.

కొన్నేండ్ల క్రిందట నేను నల్లగొండ ప్రాంతపు విద్యార్థి నొకనిని శాస్త్రపరికరముల ప్రదర్శనకు తీసికొనిపోయితిని. అంగళ్ళవారు వాని మెడలోని చీటీ చూచి, ‘విద్యార్థి’ అని యుండుటచే చిరునవ్వు ముగించి, వెనుకవానివంక తిరుగుచుండిరి. వారిని తప్పుపట్టను; వారు వచ్చినది అమ్ముటకు. మధ్యాహ్నము భోజనపు వరుసలో మా ముందు పళ్ళెము పట్టుకొని నిలిచిన పెద్దమనిషి మాత్రము చీటీలో ఊరి పేరు చదివెను.

“బాబూ, మీ ఊళ్ళో తాగేది బోరునీళ్ళేనా?”

“అవును సార్. బడిలో కూడా అవే.”

“ఎప్పుడైనా పరీక్ష చేశారా?”

వరుస కదలినది; మాట ఆగలేదు. ఆయన పరికరములు చేయువాడు కాడట, రసాయనములు కూర్చువాడట. అంగడి మరియొక వరుసలో నుండెను, మేమటు పోనేలేదు. పదిదినముల పిమ్మట పాఠశాలకు ఒక చిన్న పెట్టె వచ్చినది. అందు రంగు మార్పునుబట్టి ఫ్లోరైడు తెలుపు సీసా యొకటి, వాడు విధము వ్రాసిన కాగితమొకటి, దాని అడుగున చేతివ్రాతలో ఒక పంక్తి: “బిల్లు లేదు. ఏ బావిలో ఎంత వచ్చినదీ అబ్బాయి చేత వ్రాయించి పంపవలెను.”