నేయ్ వాద్యం: మూడు తరాల వారసత్వం

మనకు వేణువు ఎంత ప్రియమైనదో, టర్కీ ప్రజలకు ‘నేయ్’ అంత ప్రియమైన వాద్యం. నీటి పట్టున పెరిగే ఒక జాతి రెల్లుతో దీనిని తయారు చేస్తారు. తొమ్మిది కణుపులు గల గొట్టానికి ముందువైపున ఆరు, వెనుకవైపున ఒకటి చొప్పున రంధ్రాలు ఉంటాయి. పై కొసన సాధారణంగా గేదె కొమ్ముతో చేసిన చిన్న మూతిని అమరుస్తారు. వాదకుడు దీనిని ఏటవాలుగా పట్టి, మూతి అంచుపైకి ఊపిరిని వదులుతాడు. మొదటి స్వరం పలికించడానికే ఎంతో సాధన కావలసి ఉంటుంది. ఈ వాద్యాన్ని వాయించేవారిని ‘నేయ్‌జెన్’ అని పిలుస్తారు.

పదమూడవ శతాబ్దంలో కోన్యా నగరంలో నివసించిన సూఫీ మహాకవి మౌలానా రూమీ (1207–1273) తన ‘మస్నవీ’ కావ్యాన్ని రెల్లు పిల్లనగ్రోవి ఆవేదనతో ప్రారంభించారు. పుట్టిన పొద నుంచి వేరుపడిన రెల్లును ఆయన భగవంతునికి దూరమైన జీవునికి ప్రతీకగా గ్రహించారు. రూమీ అనుయాయులైన మెవ్లెవీ సాధకులు ‘సెమా’ అనే ఆరాధనలో గుండ్రంగా తిరుగుతూ ధ్యానం చేస్తారు. ఆ ఆరాధనలో మన రాగాలాపన వంటి నేయ్ ఆలాపనకు ప్రత్యేక స్థానం ఉంది. మెవ్లెవీ ఆశ్రమాలు శతాబ్దాల పాటు సంగీత పాఠశాలలుగా కూడా విలసిల్లాయి. శిష్యుడు గురువు ఎదుట కూర్చుని, మోకాళ్ళపై చేతులతో తాళం వేస్తూ, కృతులను విని కంఠస్థం చేసేవాడు. ఈ పద్ధతిని ‘మెష్క్’ అంటారు.

1925 నవంబరు 30న టర్కీ గణతంత్ర ప్రభుత్వం ఒక శాసనం ద్వారా సూఫీ ఆశ్రమాలన్నింటినీ మూసివేసింది. కోన్యాలోని రూమీ సమాధి మందిరం 1927లో మ్యూజియంగా మారింది. 1934 నుంచి 1936 వరకు సంప్రదాయ సంగీతానికి రేడియోలోనూ చోటు లేకపోయింది. ఆశ్రమమే పాఠశాల అయిన విద్యకు ఆశ్రమం లేకుండా పోయిన తర్వాత, దానిని ఎవరు కాపాడాలి? ఈ ప్రశ్నకు సమాధానం కొన్ని కుటుంబాల చరిత్రలో లభిస్తుంది. ఎర్గునర్ కుటుంబం వాటిలో ఒకటి.

తాత సులేమాన్ ఎర్గునర్ (1902–1953) ఆశ్రమాలు సజీవంగా ఉన్న కాలాన్ని చూసిన తరానికి చెందిన నేయ్‌జెన్. ఆయన కుమారుడు ఉల్వీ ఎర్గునర్ (1924–1974) ఇస్తాంబుల్ రేడియోలో పనిచేశారు. ఒకనాడు రేడియోకు దూరమైన సంగీతమే తరువాతి తరంలో రేడియో ద్వారా ఇంటింటికీ చేరడం గమనించదగిన విషయం. ఉల్వీ కుమారుడు కుద్సి 1952లో దియార్‌బకీర్‌లో జన్మించారు. తండ్రి వద్దనే నేయ్ అభ్యసించి, 1969లో ఇస్తాంబుల్ రేడియో వాద్యబృందంలో ప్రవేశించారు. ఆ విధంగా ఆశ్రమంలో తెగిన గురుశిష్య సంబంధం ఇంటిలో కొనసాగింది.

1970ల దశకంలో కుద్సి పారిస్ చేరి, వాస్తుశిల్పాన్ని, సంగీతశాస్త్రాన్ని అధ్యయనం చేశారు. అక్కడ సూఫీ సంగీతాన్ని బోధించడానికి ఒక సంఘాన్ని స్థాపించారు. సుప్రసిద్ధ రంగస్థల దర్శకుడు పీటర్ బ్రూక్‌తో కలిసి పనిచేశారు. 1985లో ఫ్రాన్సులోని అవిన్యోన్ సమీపంలో, ఒక రాతి గని ఆవరణలో, బ్రూక్ ‘మహాభారతం’ నాటకాన్ని ప్రదర్శించారు. సుమారు తొమ్మిది గంటల ఈ నాటకంలో వివిధ దేశాల నటులు పాల్గొన్నారు. ద్రౌపది పాత్రను మన దేశానికి చెందిన మల్లికా సారాభాయ్ పోషించారు. జపాను కళాకారుడు తోషి త్సుచితోరి నాయకత్వం వహించిన వాద్యబృందంలో కుద్సి కూడా ఉన్నారు. కోన్యా సూఫీల ఆరాధనలో పెరిగిన నేయ్ ఈ విధంగా వ్యాసుని కథకు తన నాదాన్ని జోడించింది.

స్వదేశంలో సెమా 1950ల దశకం నుంచి సాంస్కృతిక ప్రదర్శనగా మళ్ళీ వెలుగు చూసింది. 2008లో యునెస్కో దానిని మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అయితే గుర్తింపుతోపాటు మరొక ప్రమాదం కూడా పొంచి ఉంది. ఆరాధన యాత్రికుల వినోదంగా మారితే దాని రూపం నిలుస్తుంది గాని, సారం నిలవదు. ఈ ఆందోళనను కుద్సి తన స్మృతిగ్రంథంలో వ్యక్తం చేశారు. 2016లో యునెస్కో ఆయనను ‘శాంతి కళాకారుని’గా గౌరవించింది.

శాసనం భవనాలకు తాళం వేయగలిగింది గాని, గురువు నుంచి శిష్యునికి అందే నాదాన్ని ఆపలేకపోయింది. అదే విధంగా ప్రదర్శనశాలలు, పురస్కారాలు కళకు గౌరవాన్ని కూర్చగలవు గాని, ప్రాణం పోయలేవు. గురువు ఎదుట ఓర్పుతో కూర్చునే శిష్యుడు ఉన్నంత కాలమే ఏ సంప్రదాయమైనా జీవిస్తుంది. మౌఖికంగా సంక్రమించిన సంగీత సంపద గల మన దేశానికి కూడా ఈ సత్యం సమానంగా వర్తిస్తుంది.