దూరం పరుగెత్తే అమ్మాయికి ఏ కాలేజీ?

నడిగూడెంలో మీ ఆడపడుచు కూతురు ఇంటరు పూర్తిచేసింది, అయిదు వేల మీటర్లు చక్కగా పరుగెత్తుతుంది అనుకోండి. "ఏ కాలేజీలో చేర్చమంటావు వదినా?" అని పట్నంలో ఉన్న మిమ్మల్నే అడుగుతారు. ఆలోచించకుండా హైదరాబాదు అనేయకండి.

మన దగ్గర చిన్న కాలేజీలకో పోటీ, పెద్ద కాలేజీలకో పోటీ లేదు. ఒక యూనివర్సిటీ కిందివన్నీ కలిసి పరుగెత్తుతాయి. అందులోంచే యూనివర్సిటీ జట్టును ఎంచి అఖిల భారత పోటీలకు పంపుతారు. ఉమ్మడి నల్లగొండ జిల్లా కాలేజీలు ఒకప్పుడు ఉస్మానియా కిందివే. 2007లో నల్లగొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ ఏర్పడ్డాక కోదాడ, సూర్యాపేట పిల్లలకు వేరే జట్టు వచ్చింది. అంటే నగరపు పిల్లలను దాటకుండానే యూనివర్సిటీ జట్టులో చోటు దొరకవచ్చు!

తర్ఫీదు మాట వేరు. పొద్దున్నే బస్సెక్కే పిల్ల ఎప్పుడు పరుగెత్తాలి, ఎప్పుడు తినాలి? 2016లో మొదలైన సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కాలేజీల్లో బస అక్కడే కనుక ఆ అవస్థ లేదు. నాకైతే మంచి ట్రాకు కన్నా ఇదే ముఖ్యమనిపిస్తుంది.

కప్పులు లెక్కపెట్టకండి. క్రాస్ కంట్రీలో జట్టువాళ్ళ స్థానాలు కూడతారు. మొత్తం తక్కువైన జట్టుదే గెలుపు. ఒక్కతే ముందొచ్చి తక్కినవాళ్ళు వెనకబడితే ఆ ఘనత ఆ పిల్లదే, కాలేజీది కాదు. నాలుగో అమ్మాయి ఎన్నోదిగా వచ్చిందో అడగండి. టైములు ట్రాకు మీదివే పోల్చండి, బయటి నేల ఊరూరికీ మారుతుంది. చేరి రెండేళ్ళయిన పిల్లల టైము తగ్గిందా, నెలసరి ఇబ్బంది చెప్పుకోను ఆడ టీచరుందా, అదీ కనుక్కోండి.