పోలీసు నిర్బంధం – చట్టబద్ధ పర్యవేక్షణ: మక్కా మసీదు అనంతర అనుభవం

హైదరాబాద్ పాతబస్తీకి ముఖద్వారమైన నయాపూల్ పక్కనే, మూసీ దక్షిణ తీరాన హైకోర్టు భవనం ఉంది. అక్కడికి సమీపంలోని మక్కా మసీదులో 2007 మే 18న బాంబు పేలింది. ఆ ఏడాది నగరంలో జరిగిన పేలుళ్ల దర్యాప్తులో పోలీసులు పలువురు ముస్లిం యువకులను నిర్బంధించారు. వారిని చిత్రహింసలకు గురిచేశారన్న ఆరోపణలపై రాష్ట్ర మైనారిటీల కమిషన్ న్యాయవాది రవిచందర్ చేత విచారణ జరిపించింది. ఆయన నివేదిక ఆ ఆరోపణలను బలపరిచింది. అనంతరం కోర్టులలో పలువురు నిర్దోషులుగా విడుదలయ్యారు. ప్రభుత్వం పరిహారం చెల్లించింది. అయితే నిర్దోషిగా విడుదల కావడం ఒక్కటే పరిహారానికి ఆధారం కాజాలదంటూ 2013లో హైకోర్టు ఆ ఉత్తర్వులను కొట్టివేసింది.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగలిశాయి. నిందితుడు నేరం చేశాడా అన్నది ఒకటి. నిర్బంధంలో అతని హక్కులకు భంగం కలిగిందా అన్నది మరొకటి. దోషికైనా చిత్రహింస తగదు కనుక రెండవ ప్రశ్న మొదటిదానిపై ఆధారపడదు. దానిని విడిగా తేల్చి, అమలుచేయించగల వ్యవస్థ లేకపోవడమే అసలు లోపం.

మానవ హక్కుల పరిరక్షణ చట్టం, 1993 ప్రకారం కమిషన్లు సిఫార్సులు మాత్రమే చేయగలవు. ఘటన జరిగి ఏడాది దాటితే విచారణ చేపట్టలేవు. ప్రకాశ్ సింగ్ కేసులో 2006 సెప్టెంబరు 22న సుప్రీంకోర్టు ఇంతకన్నా ముందుకు వెళ్లింది. రాష్ట్ర, జిల్లా స్థాయులలో విశ్రాంత న్యాయమూర్తుల అధ్యక్షతన పోలీసు ఫిర్యాదుల ప్రాధికార సంస్థలు నెలకొల్పాలనీ, వాటి సిఫార్సులకు సంబంధిత అధికారులు కట్టుబడాలనీ ఆదేశించింది.

చిత్రహింసను ప్రత్యేక నేరంగా నిర్వచించిన చిత్రహింసల నివారణ బిల్లును లోక్‌సభ 2010లో ఆమోదించింది. ఆరు నెలల్లోపే ఫిర్యాదు చేయాలనీ, విచారణకు ప్రభుత్వ ముందస్తు అనుమతి ఉండాలనీ అది నిబంధనలు విధించింది. నెలల తరబడి జైలులో ఉన్న వ్యక్తికి అటువంటి గడువు ఆచరణలో తలుపు మూయడమే అవుతుంది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ పరిశీలించినప్పటికీ ఆ బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. 2017లో లా కమిషన్ తన 273వ నివేదికతో కొత్త ముసాయిదాను సమర్పించింది.

కాబట్టి ఏ ముసాయిదానైనా మూడు గీటురాళ్లపై పరీక్షించవలసి ఉంటుంది: విచారించే సంస్థ పోలీసు శాఖకు వెలుపల ఉన్నదా, దాని నిర్ణయానికి అమలు బలమున్నదా, బాధితుడు విడుదలైన తరువాత కూడా దానిని ఆశ్రయించగలడా? వీటిలో ఏ ఒక్కటి లోపించినా, హక్కుల ఉల్లంఘన నివేదికలో నమోదవుతుంది గాని బాధితునికి న్యాయం చేకూరదు.