టర్బో మీద నేరం మోపే ముందు అంకెలు చూడండి

డీజిల్ ఫోర్ బై ఫోర్ ఘాట్ రోడ్డు మీద ఉన్నట్టుండి లాగడం మానేస్తుంది. యాక్సిలరేటర్ అడుగంటా తొక్కినా పికప్ ఉండదు, డాష్‌బోర్డులో ఇంజిన్ దీపం వెలుగుతుంది. షెడ్డుకు తీసుకెళ్తే తరచుగా వినిపించే మాట "టర్బో పోయింది సార్, మార్చాలి". ఆ ఒక్క మాట ఖరీదు పదుల వేల రూపాయలు. నిజానికి అనుమానించాల్సిన వాటిలో టర్బోది చివరి స్థానం. గాలి గొట్టాలు, వాటి క్లిప్పులు, సన్నని వాక్యూమ్ పైపు, ఒక సెన్సర్, ఎయిర్ ఫిల్టర్ – వీటన్నిటినీ కొలిచి, బాగున్నాయని తేల్చుకున్నాకే దాని దాకా వెళ్లాలి. ఈ కొలతలకు పెద్ద యంత్రాలు అక్కర్లేదు. రెండు వేల రూపాయల లోపు దొరికే ఓబీడీ స్కానర్, చేత్తో నొక్కే వాక్యూమ్ పంపు, కాస్త సబ్బునీళ్లు ఉంటే చాలావరకు తేలిపోతుంది.

ముందు బూస్ట్ విలువ, అంటే టర్బో గాలిని నొక్కి ఇచ్చే అదనపు ఒత్తిడి విలువ, ఎంతో లెక్క వేద్దాం. 2020లో వచ్చిన మహీంద్రా థార్ డీజిల్ ఇంజిన్‌ను ఉదాహరణగా తీసుకుంటున్నాను. దాని పరిమాణం 2184 సీసీ. టార్క్ 1600 నుంచి 2800 ఆర్‌పీఎం మధ్య 300 న్యూటన్ మీటర్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి గాలి పీలుస్తుంది కాబట్టి 2000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2184 లీటర్లు కావాలి. సిలిండర్లు 85 శాతం నిండుతాయనుకుందాం. టర్బో ఏమీ చేయకపోతే, హైదరాబాద్ ఎత్తులో, 30 డిగ్రీల వేడిలో ఆ గాలి బరువు నిమిషానికి దాదాపు 2 కిలోలు. నల్ల పొగ లేకుండా కాలాలంటే గ్రాము డీజిల్‌కు సుమారు 18 గ్రాముల గాలి ఉండాలి. అంటే నిమిషానికి 113 గ్రాముల డీజిల్ మాత్రమే కాల్చగలం. ఆ ఇంధనంతో వచ్చే టార్క్ 140 న్యూటన్ మీటర్ల దగ్గర ఆగిపోతుంది. ఇప్పుడు టర్బో గాలిని 200 కిలోపాస్కల్‌కు నొక్కి, ఇంటర్‌కూలర్ దాన్ని 60 డిగ్రీలకు చల్లబరిచిందనుకోండి. అదే 2184 లీటర్లలోకి 3.9 కిలోల గాలి వస్తుంది, 217 గ్రాముల డీజిల్ కాలుతుంది, 300 న్యూటన్ మీటర్లు అందుతాయి. బూస్ట్ పోయిన బండిలో సగానికి పైగా బలం లేనట్టే. రాళ్లబాటలో, ఇసుకలో, బురదలో అది వెంటనే తెలిసిపోతుంది.

ఇంటర్‌కూలర్‌ను చాలామంది పట్టించుకోరు. గాలిని రెండింతలకు నొక్కితే అది వేడెక్కుతుంది: కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే 30 డిగ్రీల గాలి 125 డిగ్రీలవుతుంది. ఆ వేడి మీద సాంద్రత ఒకటిన్నర రెట్లే పెరుగుతుంది. 60 డిగ్రీలకు దించితే 1.8 రెట్లు. ఇంటర్‌కూలర్ రెక్కల మధ్య బురద ఎండిపోయి గాలి 90 డిగ్రీల దగ్గరే ఉండిపోతే 8 శాతం గాలి పోయినట్టు. అప్పుడు ఒత్తిడి అంకె మామూలుగానే కనిపిస్తుంది, బండి మాత్రం లాగదు. బురదలో తిరిగొచ్చాక తక్కువ ఒత్తిడి నీళ్లతో, వీలైతే వెనక వైపు నుంచి ముందుకు కడగాలి. ప్రెషర్ వాషర్‌ను దగ్గర పెట్టి కొడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక కొలత. స్కానర్‌లో కనిపించే మ్యానిఫోల్డ్ ఒత్తిడి వాతావరణ ఒత్తిడిని కూడా కలుపుకున్న మొత్తం. డాష్‌బోర్డు మీద విడిగా బిగించుకునే బూస్ట్ మీటర్ వాతావరణం కన్నా పైన ఎంతుందో మాత్రమే చెబుతుంది. మొదటిది 200 కిలోపాస్కల్ చూపిస్తే రెండోది 1 బార్ దగ్గర ఉంటుంది. రెండూ చెప్పేది ఒకటే. ఈ తేడా తెలియక ఐడిల్‌లో 95 కనిపించగానే బూస్ట్ వస్తోందనుకునే వాళ్లున్నారు. అది హైదరాబాద్ గాలి మాత్రమే.

దీన్నే మొదటి పరీక్షగా వాడుకోవచ్చు. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేయండి. అప్పుడు సెన్సర్ చూపించాల్సింది బయటి గాలి ఒత్తిడినే: విశాఖ తీరంలో 101, సుమారు 540 మీటర్ల ఎత్తున్న హైదరాబాద్‌లో 95. నాలుగైదు కిలోపాస్కల్ కన్నా ఎక్కువ తేడా ఉంటే సెన్సర్ మీదో దాని వైరింగ్ మీదో అనుమానం పెట్టుకోవాలి. సెన్సర్ మూతి మసితో, నూనెతో మూసుకుపోయినా అంకె నెమ్మదిగా కదులుతుంది. అప్పుడు చేయాల్సింది సెన్సర్ శుభ్రం చేయడమో మార్చడమో. టర్బో జోలికి పోనక్కర్లేదు.

సెన్సర్ బాగుంటే రోడ్డు మీదికి వెళ్లాలి. ఖాళీగా ఉన్న ఎత్తు రోడ్డు, మూడో గేరు, 1500 ఆర్‌పీఎం నుంచి 3000 దాకా పూర్తి యాక్సిలరేటర్. పక్క సీట్లో ఒకరు కూర్చుని రికార్డు చేయాలి. నడిపేవారు స్కానర్ వైపు చూడకూడదు. చూడాల్సినవి మూడు: ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) అడిగిన ఒత్తిడి, నిజంగా వచ్చిన ఒత్తిడి, గాలి ప్రవాహం. కొన్ని చవక యాప్‌లలో మొదటిది కనిపించదు, కంపెనీ స్కానర్ కావాలి. పి0299 కోడ్‌కు అర్థం అడిగిన దానికన్నా తక్కువ వచ్చిందని, పి0234 అంటే ఎక్కువ వచ్చిందని. టర్బో చెడిందని ఈ రెండిట్లో ఏదీ చెప్పడం లేదు.

బూస్ట్ తక్కువగా ఉన్నప్పుడు దారి చూపేది గాలి ప్రవాహం అంకె. ఫిల్టర్ దాటగానే ఉండే సెన్సర్ లోపలికి వచ్చిన గాలిని లెక్కపెడుతుంది. ఒత్తిడి తక్కువ, ప్రవాహం మాత్రం దండిగా ఉందంటే లెక్కలోకి వచ్చిన గాలి ఇంజిన్ చేరకముందే బయటికి పోతోంది: టర్బోకూ ఇంజిన్‌కూ మధ్య ఎక్కడో లీకు. రెండూ తక్కువైతే గాలి రావడమే లేదు: ఫిల్టర్ మూసుకుపోయి ఉండవచ్చు, ఎగ్జాస్ట్‌ను కొంత తిరిగి ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ తెరుచుకునే ఉండిపోవచ్చు, టర్బోను తిప్పాల్సిన ఎగ్జాస్ట్ దారిలో లీకో అడ్డంకో ఉండవచ్చు, లేదా టర్బో రెక్కలు కదలకపోవచ్చు. బీఎస్ 6 బండిలో మసితో నిండిన డీపీఎఫ్ (ఎగ్జాస్ట్‌లో మసిని పట్టే ఫిల్టర్) కూడా ఎగ్జాస్ట్‌కు అడ్డంకే.

లీకు ఎంత ఉంటే ఎంత నష్టం? 6 మిల్లీమీటర్ల రంధ్రం, దాదాపు పెన్సిల్ మందం. లోపల 200 కిలోపాస్కల్ ఉంటే దాన్లోంచి సెకనుకు దాదాపు 9 గ్రాముల గాలి పోతుంది. మన ఇంజిన్‌కు 2000 ఆర్‌పీఎం దగ్గర కావాల్సింది సెకనుకు 65 గ్రాములు. అంటే ఎనిమిదో వంతు కన్నా ఎక్కువే వృథా. దాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా వేగంగా తిరగాలి. చిన్న టర్బోలు మామూలుగానే నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుతాయి. వారాల తరబడి లీకుతో నడిపితే బాగున్న టర్బో కూడా నిజంగానే పోతుంది.

ఈ లీకు షెడ్డులో ఎందుకు దొరకదంటే, ఐడిల్‌లో గొట్టం లోపలా బయటా ఒత్తిడి దాదాపు సమానం. చీలిక మూసుకునే ఉంటుంది, బుస్సుమనదు, సబ్బునీళ్లు పోసినా బుడగ రాదు. ఒత్తిడి మీదే అది తెరుచుకుంటుంది. అందుకే ఇంజిన్ ఆపి, టర్బో గాలి లోపలికి తీసుకునే మూతికి వాల్వ్ బిగించిన మూత పెట్టి, కంప్రెసర్‌తో నెమ్మదిగా గాలి ఎక్కించాలి. క్రాంక్‌కేస్ బ్రీదర్ పైపు ఆ మూతికి ఇంజిన్ వైపే కలుస్తుంటే దాన్ని విడిగా మూయాలి. 0.7 బార్ చాలు, 1 బార్ దాటకూడదు. 60 మిల్లీమీటర్ల గొట్టం మూత మీద 1 బార్ దగ్గర పడే బలం దాదాపు 29 కిలోలు. ఊడితే ముఖం పగులుతుంది. మూతకు ఎదురుగా నిలబడకండి. అప్పుడు క్లిప్పుల దగ్గర, గొట్టాల అడుగు భాగాన, ఇంటర్‌కూలర్ ప్లాస్టిక్ చివర్లలో సబ్బునీళ్లు పోస్తే బుడగలు ఎక్కడో చెబుతాయి. గొట్టం లోపల పలచటి నూనె తడి మామూలే, బ్రీదర్ నుంచి వస్తుంది. బయటి వైపు ఒకేచోట నూనెతో తడిసి దుమ్ము పట్టి ఉంటే మాత్రం అక్కడే వెతకండి.

ఇప్పుడు చాలా గందరగోళం తెచ్చే విషయం. టర్బోలు రెండు రకాలు, సన్న పైపు ఊడితే అవి సరిగ్గా ఎదురెదురుగా ప్రవర్తిస్తాయి. పాత రకం వేస్ట్‌గేట్ టర్బోలో బూస్ట్ ఒత్తిడే ఆ పైపు ద్వారా వెళ్లి వేస్ట్‌గేట్‌ను తెరుస్తుంది. పైపు చీలితే గేటు తెరుచుకోదు, బూస్ట్ హద్దు దాటిపోతుంది. కొత్త డీజిళ్లలో ఉండే కదిలే రెక్కల టర్బోను చాలా బండ్లలో వాక్యూమ్ నడుపుతుంది. వాక్యూమ్ రెక్కలను మూస్తేనే తక్కువ ఆర్‌పీఎంలో బూస్ట్ వస్తుంది. పైపు చీలితే రెక్కలు తెరిచే ఉండిపోతాయి, 2500 దాటేదాకా బండికి ప్రాణం ఉండదు. మీ బండి ఏ రకమో తెలుసుకోకుండా చేసే మరమ్మతు గుడ్డెద్దు చేలో పడ్డట్టే.

వాక్యూమ్ రకమైతే ఒకరు స్టార్ట్ చేస్తుండగా మరొకరు టర్బో పక్కనున్న డబ్బా కడ్డీని చూడాలి. చాలా బండ్లలో ఇంజిన్ అందుకోగానే అది లోపలికి లాక్కుంటుంది, ఆపగానే తిరిగొస్తుంది. కదలకపోతే వాక్యూమ్ పైపు ఊడదీసి చేతి పంపుతో 0.6 బార్ వాక్యూమ్ ఇవ్వండి. కడ్డీ తడబడకుండా పూర్తిగా కదలాలి, నిమిషం పాటు పంపు మీటరు ముల్లు పడిపోకూడదు. ముల్లు పడితే డబ్బాలో డయాఫ్రమ్ చిరిగింది. ముల్లు నిలబడి కడ్డీ ఇరుక్కుంటే రెక్కలకు మసి పట్టింది. రెండూ బాగుంటే తప్పు వెనక ఉంది: సోలెనాయిడ్, పైపులు, వాక్యూమ్ పంపు. కొన్ని కొత్త బండ్లలో ఈ పని మోటారు చేస్తుంది, దానికి స్కానర్ పరీక్షే దారి. మసి పట్టిన రెక్కలను విప్పి శుభ్రం చేయవచ్చు, కానీ కడ్డీ ఆగే చోట ఉండే స్టాప్ స్క్రూను ముట్టుకోకూడదు. దాన్ని ఫ్లో బెంచ్ మీద అమర్చి పంపుతారు. కంటి అంచనాతో తిప్పితే మళ్లీ కుదరదు.

దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఫిల్టర్ మీద ఇంకో కన్నుండాలి. డీజిల్ యంత్రాల్లో ఫిల్టర్ దగ్గర ఒత్తిడి తగ్గుదల 25 అంగుళాల నీటి మట్టం, అంటే సుమారు 6 కిలోపాస్కల్, దాటితే దాన్ని మార్చమంటారు. ఆ 6 పోతే, విశాఖ తీరంలో ఈసీయూ 220 కిలోపాస్కల్ అడిగిందనుకుంటే, దాన్ని అందుకోవడానికి గాలిని 2.18 రెట్లకు బదులు 2.32 రెట్లు నొక్కాలి. అంతకన్నా ప్రమాదం ఫిల్టర్ రబ్బరు అంచు సరిగా కూర్చోకపోవడం. ఇంజిన్ వైపున్న గొట్టంలో వేలు పెట్టి తుడవండి. దుమ్ము అంటితే కంప్రెసర్ రెక్కల అంచులు అరుగుతున్నట్టే.

లడఖ్ వెళ్లే తెలుగువారు ఎక్కువవుతున్నారు కాబట్టి ఎత్తు గురించి ఒక మాట. లేహ్‌లో గాలి ఒత్తిడి దాదాపు 66 కిలోపాస్కల్, 5359 మీటర్ల ఖార్దుంగ్ లాలో 52. అక్కడ 220 కావాలంటే 4 రెట్లకు పైగా నొక్కాలి. ఒక్క చిన్న టర్బోకు అది సాధ్యం కాదు, అందుకే ఈసీయూ తానే అడిగే అంకె తగ్గిస్తుంది. అక్కడ బలం తగ్గడం సహజం. అయితే కింద దాగిన చిన్న లీకు అక్కడ బయటపడుతుంది, ఎందుకంటే టర్బోకు పూడ్చుకునే మిగులు ఉండదు. బయల్దేరే ముందే ఒత్తిడి పరీక్ష చేయించుకోండి.

అన్నీ దాటాక టర్బో. ఇంజిన్ చల్లారాక గొట్టం విప్పి ఇరుసును వేళ్లతో పట్టుకోండి. పక్కలకు కొంచెం ఆట ఉండవచ్చు. ముందుకూ వెనక్కూ కదలిక చేతికి తెలియకూడదు. రెక్కలు గోడకు రాసుకున్న గీతలుంటే, ఇంటర్‌కూలర్‌లో నూనె నిలిచి నీలి పొగ వస్తుంటే బండిని ఇక నడపకండి. సీలు పూర్తిగా తెగితే డీజిల్ ఇంజిన్ తన నూనెనే తాగి ఆగకుండా పరుగెత్తుతుంది, తాళం తీసినా ఆగదు. మాన్యువల్ బండిలో పెద్ద గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి క్లచ్ వదిలి ఆపాల్సి వస్తుంది.

కొత్త టర్బో బిగిస్తే నూనె పైపు కూడా మార్చించండి, ఇంజిన్ ఆయిలు, ఫిల్టర్ కొత్తవి వేయించండి, మొదటిసారి స్టార్ట్ చేసే ముందు టర్బోలోకి శుభ్రమైన నూనె పోయించండి. పాతది ఎందుకు పోయిందో తేలకుండా బిగిస్తే కొత్తదీ అదే దారి పడుతుంది. వారంటీ ఉన్న బండి అయితే ఏ గొట్టమూ విప్పకుండా సర్వీస్ సెంటరుకు తీసుకెళ్లండి. అడిగిన ఒత్తిడి, వచ్చిన ఒత్తిడి కనిపించే స్కాన్ రిపోర్టు ప్రింటు అడిగి తీసుకోండి. అది చూపించకుండా టర్బో మార్చాలంటే ఒప్పుకోకండి.